బొరుగుల సంచిలో హార్డ్ డిస్కు

మైదుకూరులో రోడ్డు వెడల్పు చేస్తున్నారని మొన్న వేసవిలో నాయన అంగడి ఖాళీ చేయాల్సి వచ్చింది. నాయన పోయి మూడేళ్ళయింది. టీవీలు బాగుచేసే అంగడి అది. ఆయన పోయాక తాళం వేసి పెట్టుకున్నామే తప్ప ఒక్క స్క్రూ కూడా కదిలించలేదు. చిన్నమ్మా నేనూ ముక్కుకు గుడ్డలు కట్టుకుని పొద్దున్నే మొదలుపెట్టాం. పాత పిక్చర్ ట్యూబులు, చుట్టలు చుట్టలుగా వైర్లు, ఎవరో బాగుచేయించుకోవడానికి ఇచ్చి మళ్ళీ రాని రేడియోలు. అటక మీదున్న బిస్కెట్ల రేకు డబ్బా మూత తీస్తే, పాత చర్చి క్యాలెండరు కాగితంలో చుట్టిన కార్డొకటి కనిపించింది. అరచేయంత పచ్చ పలక. దానికి ఓ మూల తగరపు రేకు తొడిగిన ట్యూనరు. కేబుల్ తీగను దానికి తగిలిస్తే కంప్యూటర్లో టీవీ వస్తుంది, రికార్డు కూడా చేసుకోవచ్చు. అట్లాంటి కార్డులను ఇప్పుడెవరూ వాడరు. నాకిప్పుడు యాభై దగ్గర పడుతోంది. ఉద్యోగంలో నా కింద నలభై మంది పనిచేస్తారు. అయినా ఆ కార్డు చూడగానే, ఆ మండుటెండలో, తలుపులు తెరిచి ఉన్న అంగడిలో, వెనక్కి తిరిగి వీధిలో ఎవరైనా నిలబడి ఉన్నారా అని చూశాను.

"ఏందిమే అది?" అంది చిన్నమ్మ.

"ఏం ల్యా చిన్నమ్మా, పాత సామాను," అని మళ్ళీ చుట్టేశాను.

అప్పట్లో మేం కమలాపురంలో ఉండేవాళ్ళం. ముందు గది నాయన అంగడి, వెనక రెండు గదులు మా ఇల్లు, ఆ వెనక రేకుల కొట్టంలో చిన్నాయన కాపురం. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది చిన్నాయన భార్య సారమ్మ, మా చిన్నమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. మా ఇంటి వాసన ఏమిటని ఎవరైనా అడిగితే రెండు చెబుతాను. ఒకటి నాయన టంకం వేసేటప్పుడు లేచే రోజనం పొగ. రెండోది చిన్నాయన ఒంటి మీది రాతిదుమ్ము. చిన్నాయన పేరు యోబు. నాపరాళ్ళ గనిలో కంప్రెసర్ పని. రాతికి బెజ్జాలు వేసి, అందులో తూటాలు కూరి పేల్చే చోట, ఆ బెజ్జాలు వేసేది ఆయన. సందకాడ ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. తొట్టి దగ్గర కూర్చుని తల మీద చెంబుతో నీళ్ళు పోసుకుంటుంటే నల్లటి మనిషి కొంచెం కొంచెంగా బయటపడేవాడు. అప్పుడు జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, "ఇప్పుడొచ్చినాడు నా కొడుకు, ఇందాక వచ్చింది దయ్యం," అనేది ప్రతిరోజూ. ప్రతిరోజూ చిన్నాయన నవ్వేవాడు. ఆ తర్వాత అందరం కూర్చుని సంగటి, ఊరిబిండి పచ్చడి. జేజి ముందుగా ప్రార్థన చేసేది. ఆ ప్రార్థన ఎంత పొడుగంటే సంగటి చల్లారి గట్టిపడేది.

జేజి భక్తే నా యంత్రానికి కారణం. జేజికి ఒక సీరియల్ పిచ్చి ఉండేది. అది సరిగ్గా చర్చిలో సాయంత్రం కూటం జరిగే వేళకు వచ్చేది. కూటం మానదు, సీరియల్ వదల్లేదు. ఇంటికొచ్చి పక్కింటామెను కథ అడిగి తెలుసుకునేది. ఆమె కావాలనే తప్పు చెప్పేది. నేను అప్పుడు కడప కాలేజీలో కంప్యూటర్లు చదువుతున్నాను, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. పత్రికతోపాటు ఉచితంగా ఇచ్చిన సీడీలో, కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ వచ్చింది. నాయన అంగడికి బాగుకు వచ్చి, మళ్ళీ ఎవరూ తీసుకుపోని కంప్యూటర్ ఒకటి పడి ఉంది. కడపలో పాత సామాన్ల అంగట్లో ఆ కార్డు దొరికింది. మూడూ కలిపి, జేజి కూటంలో ఉన్నప్పుడు సీరియల్‌ను తనంతట తానే రికార్డు చేసి పెట్టే డబ్బా తయారు చేస్తానని నాయనతో చెప్పాను. నాయన టంకం పుల్ల అవతల పెట్టి, కంప్యూటర్ మీది దుమ్ము ఊదాడు. అదే ఆయన ఒప్పుకోలు.

బొమ్మ వచ్చింది. శబ్దం రాలేదు. కార్డుకు, కంప్యూటర్‌కు మధ్య దుబాసీలా పనిచేసే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, దాన్నే డ్రైవర్ అంటారు. కార్డు ఏ కంపెనీదో దాని నంబరు చెబితే అది ఆ కార్డు భాషలో మాట్లాడుతుంది. నా కార్డు మీద కంపెనీ పేరే లేదు. ఉన్న నంబర్లన్నీ ఒకటొకటిగా పెట్టి చూశాను. కొన్నింటికి తెర మీద ఇసుక రాలినట్టు చుక్కలు, కొన్నింటికి అడ్డగీతలు, ఒకదానికి చక్కటి బొమ్మ, నోరు మాత్రం లేదు. అయితే ఆ డ్రైవర్ రాసినవాళ్ళు దాన్ని దాచిపెట్టుకోలేదు. రాసినదంతా అందరి ముందూ పెట్టారు, ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఈ మాట నాయనకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "పాత రేడియోలకు ఎనక అట్టకు సర్క్యూట్ బొమ్మ అంటిచ్చి ఇచ్చేటోళ్ళు గదమ్మా. అట్లనే గదా," అన్నాడు.

ఆ డ్రైవర్ రాసేవాళ్ళంతా ఉత్తరాలు రాసుకునే చోటు ఒకటి ఇంటర్నెట్లో ఉండేది. కడప నెట్ సెంటర్లో కూర్చుని, భయపడుతూ భయపడుతూ, నాకొచ్చిన ఇంగ్లీషులో నా బాధ రాశాను. రెండురోజులకు ఎక్కడో మంచు దేశం నుంచి ఒకాయన బదులిచ్చాడు. పేరు రాయడు, చివర రెండక్షరాల సంతకం. శబ్దాన్ని అటూ ఇటూ మళ్ళించే చిన్న చిప్ ఒకటి కార్డు మీద ఉంటుందట, దాని ఏ కాలు ఎక్కడికి పోతుందో కనుక్కుని చెప్పమన్నాడు. అది నాయన పని. కళ్ళద్దం దించి, మీటరు పుల్లలు పట్టుకుని, ఒక మధ్యాహ్నమంతా ఒక్కో కాలూ తడిమి చూసి, చర్చి క్యాలెండరు వెనక బొమ్మ గీశాడు. నేను దాన్ని మాటల్లో పెట్టి పంపాను. ఆ మంచు దేశపాయన ఆరు వరుసల ప్రోగ్రాం రాసి పంపాడు. ఫ్లాపీలో వేసుకుని బస్సులో ఇంటికి తెచ్చాను. దాన్ని చేర్చి డ్రైవర్‌ను మళ్ళీ తయారు చేసుకోవడానికి ఒక రోజంతా పట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి మళ్ళీ మొదటికొచ్చింది.

అవి దసరా రోజులు. గని యజమాని ఆయుధపూజ ఘనంగా చేయించి, దాన్ని ఊరి కేబుల్ చానల్లో మూడురోజులు వరసగా వేయించుకున్నాడు. నేను యంత్రాన్ని పరీక్షించడానికి ఆ చానల్నే రోజూ రికార్డు చేస్తున్నాను. మొదటిరోజు మూగబొమ్మ. మూడోరోజు ఆరు వరుసలూ పెట్టి డ్రైవర్ మళ్ళీ ఎక్కించగానే డబ్బాలోంచి గట్టిగా ఒక మగగొంతు పలికింది. మేమంతా ఉలిక్కిపడ్డాం. గని మేనేజరు మైకు పట్టుకుని కూలీల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తున్నాడు, పిలిచినవాళ్ళకు యజమాని కొత్త బట్టలు ఇస్తున్నాడు. "మన కంప్రెసర్ యోబు! పన్నెండేండ్లుగా మన గనిలో నమ్మకంగా చేస్తాండాడు. రా యోబూ, రా!" చిన్నాయన వేదిక ఎక్కి, బట్టలు తీసుకుని, ఎటు దిగాలో తెలియక వచ్చిన వైపే దిగిపోయాడు. జేజి కేకేసింది. చిన్నాయన తన బొమ్మను తానే చూసుకుని సిగ్గుతో తల తిప్పుకున్నాడు. నాయన మాత్రం బొమ్మ చూడలేదు. కళ్ళు మూసుకుని శబ్దం విన్నాడు.

రెండు నెలల తర్వాత, క్రిస్మస్ దగ్గర పడుతుండగా, పట్టపగలు పదకొండింటికి గనిలో చిన్నాయన చనిపోయాడు. అంతకుముందురోజు కూరిన తూటాల్లో ఒకటి పేలకుండా మిగిలిందట. పోయి చూడమన్నారు. చూడ్డానికి పోయాడు. ఇంతే మాకు తెలిసింది. ఇది కూడా చెప్పినవాడు ఒక్కడే, అదీ మా కొట్టం వెనక నిలబడి, రెండు మాటల్లో చెప్పి, వచ్చిన దారిన కాక చేలల్లోంచి వెళ్ళిపోయాడు. మరునాటికి ఊళ్ళో మాట మారిపోయింది. యోబు అనేవాడు గనిలో పనిచేయడంలేదట, ఏడాది కిందటే మాన్పించారట, తూటాలు దొంగిలించి అమ్ముకోవడానికి చొరబడి చచ్చాడట. స్టేషన్లో అట్లాగే రాసుకున్నారు. గని పుస్తకంలో ఆయన పేరు లేదు. పన్నెండేళ్ళు ఆయన పక్కన పనిచేసినవాళ్ళను అడిగితే, "మాకేం తెలుసప్పా," అని తల వంచుకున్నారు. వాళ్ళను తప్పు పట్టలేను. వాళ్ళ కళ్ళల్లో ఉన్నదే మా ఇంట్లోనూ ఉంది.

ఆ భయం ఎట్లా ఉండేదో చెప్పడం కష్టం. ఎవరూ మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. మా ఇంటి ఎదురుగా, రోడ్డు అవతల, వేపచెట్టు నీడలో గని జీపు ఒకటి నిలబడి ఉండేది. పొద్దున తొమ్మిదింటికి వచ్చేది, మధ్యాహ్నం భోజనాల వేళకు పోయి మళ్ళీ వచ్చేది. అందులోని మనుషులు దిగేవాళ్ళు కాదు. అంగడికి టీవీ పట్టుకొచ్చిన వాళ్ళు ఆ జీపును చూసి, "మళ్ళా వస్తాంలే దేవదానమా," అని నాయనకు చెప్పి వెనక్కి పోయేవాళ్ళు. జేజి ప్రార్థన పొట్టిదయింది. చిన్నమ్మ ఏడవడం మానేసి, కొట్టంలో గోడకు ఆనుకుని చప్పుడు చేయకుండా కూర్చునేది. పళ్ళెం కింద పడితే అందరం ఒక్కసారిగా లేచి నిలబడేవాళ్ళం. "దొంగ పెండ్లాం" అని ఎవరో నీళ్ళ కుళాయి దగ్గర అన్నారని తెలిశాక చిన్నమ్మ నీళ్ళకు పోవడం కూడా మానేసింది.

అప్పటిదాకా నాకు ఆ రికార్డు సంగతి గుర్తే రాలేదంటే ఇప్పుడు నమ్మశక్యంగా ఉండదు. దుఃఖం, భయం రెండూ కలిస్తే మనిషి బుర్ర అంతే. ఒకరోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు, సంగటి ముద్ద చేతిలో ఉండగా, "పన్నెండేండ్లుగా మన గనిలో" అన్న గొంతు చెవిలో వినిపించింది. ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచాను. లేస్తూనే ఇంకోటి గుర్తొచ్చింది. డిస్కు చిన్నది. నిండిపోయినప్పుడల్లా అన్నిటికంటే పాత రికార్డును యంత్రమే చెరిపేసి కొత్తదానికి చోటు చేసుకుంటుంది. అట్లా చేయమని దానికి చెప్పింది నేనే. ఈ రెండు నెలలూ అది జేజి సీరియల్‌ను రోజూ రికార్డు చేస్తూనే ఉంది. ఇన్ని రోజులుగా మేమెవరం ఆ యంత్రం వైపు చూడలేదు, అది మాత్రం తన పని మానలేదు.

తెర ముందు కూర్చుని జాబితా తీశాను. మొదటిరోజు మూగ రికార్డు పోయింది. రెండోరోజుదీ లేదు. జాబితాలో అన్నిటికంటే పైన, చెరిగిపోవడానికి వరసలో మొదటిదిగా, మూడోరోజుది ఉంది. ఆ సాయంత్రం సీరియల్ వచ్చి ఉంటే అదీ పోయేది. ముందు రికార్డింగు ఆపేశాను. తర్వాత శబ్దం పూర్తిగా తగ్గించి, చెవి డబ్బాకు ఆనించి పెట్టి విన్నాను. ఉంది. "రా యోబూ, రా!"

నాయనను పిలిచి చూపించాను. ఆయన నిలబడే చూశాడు. అయిపోయాక పోయి వెనక తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"చెరిపెయ్," అన్నాడు.

"నాయనా, చిన్నాయన దొంగ కాదని..."

"నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలు. పోయినోడు పోయినాడు రూతమ్మా. నాకుండేది నువ్వొక్కదానివే. రోజూ బస్సులో కడపకు పోయేదానివి. యాడో దోవలో..." ఆయన ఆ మాట పూర్తి చేయలేదు. "చెరిపెయ్. నేను బయటికి పోతాండా. నేనొచ్చేసరికి అది ఉండగూడదు."

చెరిపేశానని ఆయనకు అబద్ధం చెప్పాను. నాయనకు నేను చెప్పిన పెద్ద అబద్ధం అదొక్కటే. ధైర్యంతో చెప్పలేదు. చెరిపే ఆదేశం రాసి, మీట నొక్కడానికి చేయి రాలేదు, అంతే.

మరునాడు పన్నెండింటికి కేబుల్ మస్తాన్ వచ్చాడు. ఊరి చానల్ నడిపేది ఆయనే. అంగట్లోకి రాలేదు. గడప బయటే నిలబడి, ఏదో వైరు అడుగుతున్నట్టు చేయి చాపి, కళ్ళు నేల మీదే పెట్టి మాట్లాడాడు. "దేవదానమన్నా, గనోళ్ళు పూజ టేపు తీసకపోయినారు. ఇంగ ఎవురి దగ్గరన్నా ఉండాదా అని గట్టిగ అడిగినారు. నాకు పిల్లలుండారన్నా. నోరు జారినా. నీ కూతురు ఏందో పెట్టెలో పడుతుంటాదని చెప్పినా. మాఫ్ చెయ్యన్నా." నాయన చేతికందిన వైరు ముక్క ఇచ్చాడు. మస్తాన్ దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గంట తిరక్కుండానే మేనేజరు జీపు దిగాడు. ఆయన రౌడీలా ఉండేవాడు కాదు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. స్టూలు లాక్కుని కూర్చుని టీ తెప్పించుకున్నాడు. నాయనక్కూడా ఒకటి ఇప్పించాడు. నాయన చేతిలో గ్లాసు వణికి టీ వేళ్ళ మీద పడింది, ఆయనకు తెలియలేదు.

"ఏమప్పా దేవదానం, మీ పాప శానా తెలివైందంట గదా. కంప్యూటర్లో టీవీ పడతాందంట. మాకు చూపీకూడదా?"

నన్ను లోపలికి నడవమన్నాడు. ఆయన నా వెనకే. మూడు అడుగుల ఆ నడవలో నాకు ఆయన ఊపిరి వినిపించింది. కుర్చీలో కూర్చుని ఏం చేయాలో ఆలోచించడానికి ఉన్న సమయమల్లా యంత్రం మేలుకునేంత సేపే. యంత్రం లేచాక, డ్రైవర్‌ను దించి మళ్ళీ ఎక్కించాను. ఈసారి మా కార్డు నంబరు కాకుండా, తొలిరోజుల్లో నన్ను నానా తిప్పలు పెట్టిన ఒక తప్పు నంబరు ఇచ్చాను. తెర మీద అడ్డగీతలు, వాటి వెనక ఏదో నీడ, శబ్దం లేదు.

"ఇంతేనా?" అన్నాడాయన.

"ఇంతే సార్. ఇంకా కుదరలేదు. ఈ కార్డుకు డ్రైవర్ సరిగా లేదు."

"దసరాకు పెట్టినావంట?"

"అప్పుడూ ఇట్లే వచ్చింది సార్. ఉత్త గీతలే."

ఆయన గీతలను కాదు, నన్ను చూస్తున్నాడు. అప్పుడు నేనూ ఆయన మొహం చూశాను. పై పెదవి మీద చెమట. మైకులో పేరు పిలిచింది ఆయనే, ఆ గొంతు ఆయనదే. ఆయనా భయపడుతున్నాడని నాకు ఆ క్షణం అర్థమైంది. దాంతో నా భయం తగ్గలేదు, రెట్టింపయింది. భయపడే మనిషి ఏమైనా చేస్తాడు.

"ఉత్త గీతలైతే నీకెందుకమ్మా ఈ డబ్బా," అన్నాడు లేస్తూ. "మా ఆఫీసుకు ఒకటి కావాల్నంటాండారు. నాలుగింటికి జీపు పంపిస్తా, ఎక్కీండి. నీకు కొత్తది కొనిపిచ్చే పూచీ నాది."

ఆయన పోయేసరికి గడియారం ఒకటిన్నర. నాయన నా వైపు చూశాడు. "చెరపలేదు గదూ," అన్నాడు. లేదన్నట్టు తల ఊపాను. కొడతాడనుకున్నాను. ఆయన అంగట్లోకి పోయి స్క్రూడ్రైవర్ తెచ్చి, నేల మీద కూర్చుని, డబ్బా పక్క రేకు విప్పాడు. అంతవరకూ వణికిన చేతులు స్క్రూ దగ్గరికొచ్చేసరికి నిలకడగా ఉన్నాయి. హార్డ్ డిస్కు బయటికి తీసి నాకిచ్చి, కార్డు కూడా ఊడదీసి తన బనియన్ లోపల పెట్టుకున్నాడు. అంగట్లో పనికిరాకుండా పడి ఉన్న ఇంకో డిస్కు తెచ్చి ఆ స్థానంలో బిగించాడు. "ఇంగ చెరిపినా వాళ్ళు నమ్మరు. నాలుగింటికి వాళ్ళొస్తే డబ్బా నేనిస్తా. నువ్వు రెండింటి బస్సెక్కు. మీ కాలేజీ సారుకు చూపిచ్చు."

"దీన్నొక్కదాన్నే పంపిస్తావా?" అంది జేజి. ఆమె అప్పటికే చీర మార్చుకుని ఉంది. డిస్కుకు దెబ్బ తగలకూడదు, తడి తగలకూడదు అని నేను చెబితే, గుడ్డసంచిలో సగం బొరుగులు పోసి, పాత రవికగుడ్డలో చుట్టిన డిస్కును మధ్యలో పెట్టి, పైన మళ్ళీ బొరుగులు పోసింది. "దీనికన్నా మెత్తన ఇంగేముంటాది బిడ్డా," అంది.

బస్సు కదిలే సమయానికి ఒకడు పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. నేను రోజూ జీపులో చూసే మనిషి. బస్సంతా నిండి ఉంది, జేజి పక్కన ఒక్క సీటే ఖాళీ. వచ్చి కూర్చున్నాడు. నేను వాళ్ళ వెనక వరసలో ఉన్నాను. జేజి ఒళ్ళో సంచి, దాని మీద ఆమె రెండు చేతులు. ఆ చేతుల మీది నరాలు ఇప్పటికీ కళ్ళకు కడతాయి.

"యాడికవ్వా?" అన్నాడు.

"కడపకు నాయనా. కండ్లు చూపిచ్చుకునేకి." ఆమె సంచి మూతి విప్పింది. "బొరుగులు తింటావా?"

అతను చేయి పెట్టాడు. ఒక గుప్పెడు తీశాడు. కాసేపటికి ఇంకో గుప్పెడు. మూడోసారి జేజే తీసి పెట్టింది, వాడి చేయి లోపలికి పోకుండా. కడప వచ్చేదాకా ఆమె వాడికి చిన్నప్పటి కరువు సంగతులు చెబుతూ, గుప్పెడు గుప్పెడు చొప్పున తినిపిస్తూనే ఉంది. బస్టాండులో అతను దిగి, సిగరెట్టు ముట్టించుకుని, మా వైపు చూడకుండానే జనంలో కలిసిపోయాడు. మా వెంట వచ్చాడో, తన పని మీద వచ్చాడో నాకు నేటికీ తెలియదు. జేజి మాత్రం బస్టాండు గోడ పక్కకు పోయి వాంతి చేసుకుంది.

మా లెక్చరర్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ల్యాబు తలుపు దగ్గరికి వేసి నాలుగు సీడీల్లోకి దాన్ని ఎక్కించాడు. ఒకటి తనకు తెలిసిన వకీలుకు, ఒకటి జిల్లా పోలీసు ఆఫీసుకు, ఒకటి కార్మిక శాఖకు, ఒకటి మా పాస్టరుకు. నాలుగు చోట్ల ఉన్నాక డిస్కు కోసం ఎవరూ రారని వకీలు ధైర్యం చెప్పాడు. నాయన నాలుగింటికి డబ్బాను తన చేతులతోనే జీపెక్కించాడట. అందులో ఏం లేదని వాళ్ళకు తెలిసిన రోజు ఎవరో అంగడి అద్దాలు పగలగొట్టారు. అంతకుమించి చేయలేదు. ఎందుకు చేయలేదో, ఎప్పుడు చేస్తారో అని ఎదురుచూడటంలో మాకు రెండేళ్ళు గడిచాయి.

చిన్నమ్మ పేరున ఆ వకీలు వేసిన కేసు నడిచింది. కడప కోర్టులో పగటి వెలుతురు పడకుండా కిటికీలు మూసి తెర మీద వేశారు. ఇది యోబే అనడానికి రుజువేమిటి, ఆ పేరు గలవాళ్ళు ఎందరో ఉంటారు అన్నాడు వాళ్ళ వకీలు. నాయనను బోనులోకి పిలిచారు. మేనేజరు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. "ఈ బొమ్మలో ఉన్నదెవరు?" అని అడిగితే నాయన ముందు తెర వైపు, తర్వాత మేనేజరు వైపు చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. "మా తమ్ముడు సార్," అన్నాడు నాయన. "పిలిచేది ఆ సారు. వచ్చేది మా తమ్ముడు."

దొంగతనం కేసు కొట్టేశారు. చిన్నాయన గని కూలీ అని కాగితం మీదికి ఎక్కింది, చట్టప్రకారం రావలసింది చిన్నమ్మకు వచ్చింది. యజమానికి ఏమీ కాలేదు. మేనేజరు కొన్నాళ్ళు కనబడకుండా పోయి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. కమలాపురంలో నాయన అంగడికి ఆ తర్వాత ఎవరూ రాలేదు కాబట్టి మేమే మైదుకూరు వచ్చేశాం. జేజి ఇక్కడే పోయింది. ఆ ఆరు వరుసలు రాసిన మనిషికి నేను "శబ్దం వచ్చింది, కృతజ్ఞతలు" అని తప్ప ఇంకేమీ రాయలేదు. ఆయన వాటిని అసలు డ్రైవర్లో చేర్చి, పక్కన "పరీక్షించినవారు" అని నా పేరు, ఊరి పేరు పెట్టాడు. ప్రపంచమంతా చదవగలిగే చోట నా పేరు చూసి మిగతావాళ్ళయితే పొంగిపోయేవాళ్ళు. నేను మేనేజరు చూస్తాడేమోనని నెల రోజులు నిద్రలేకుండా గడిపాను.

ఇప్పుడు ప్రతివాడి జేబులో రికార్డు చేసే యంత్రం ఉంది. దానికి డ్రైవర్ వెతుక్కోనక్కర్లేదు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. గనిలో ఏం జరిగినా సాయంత్రానికి పది వీడియోలు తిరుగుతాయి. మా ఆఫీసులో పిల్లలు, ఇప్పుడిక ఎవరూ ఏదీ దాచలేరు మేడం అంటారు. కావచ్చు. కానీ మొన్నటికి మొన్న గనిలో ఒక మనిషి పోతే, వీడియో తీసిన కుర్రవాడే సాయంత్రం తీసేశాడని విన్నాను. యంత్రాలు మారినంత తొందరగా మా ప్రాంతంలో ఆ వేపచెట్టు నీడలు మారలేదు.

కోర్టు మెట్ల మీద ఆ రోజు నాయన నాతో ఒక మాట అన్నాడు. "నేను చెరిపెయ్ అన్న్యానే, ఆ మాట మీ చిన్నమ్మకు చెప్పాకు." చెప్పలేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు. అంగడి ఖాళీ చేసిన రోజు, సామాను లారీకెక్కించి, ఇద్దరం గడప మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే, ఎందుకో దాచలేకపోయాను. ఆయన తరఫున క్షమాపణ అడుగుతున్నట్టు చెప్పాను.

చిన్నమ్మ చెంబు కింద పెట్టింది. "తెలుసు," అంది. "ఆ పొద్దు నేను గోడవతల్నే ఉంటిని. అంతా ఇనిపిచ్చింది."

"మరి ఇన్నేళ్ళూ ఏమనలేదే?"

"ఏమంటా? మీ నాయన ఆ మాట అన్నప్పుడు, దేవుడా, ఈ బిడ్డ చెరిపేస్తే బాగుండునని నేనూ అనుకుంటి. మొగుడు దొంగన్న్యా సరే, నువ్వు రోజూ ఇంటికి తిరిగొస్తే చాలనుకుంటి." ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నా మొహాన పడ్డ దుమ్ము కూడా అదే కొంగుతో తుడిచింది. "లెయ్యిమే. ఎండెక్కుతాంది, పోదాం పా."